మేడిగడ్డకు ఎడమ ఒడ్డు కూడా ఉంది

సంపాదకుడు గారికి,

గోదావరి మీద కాళేశ్వరం ప్రాజెక్టు కింద కట్టిన మేడిగడ్డ బ్యారేజీ గురించి పోయిన వారం మీరు వేసిన అర పేజీ కథనం చదివాం. ఎన్ని పిల్లర్లు కుంగాయి, ఎవరి హయాంలో కుంగాయి, కేసు ఎవరి మెడకు చుట్టుకుంటుంది, మరమ్మతు ఖర్చు ఎవరు పెట్టుకోవాలి... అన్నీ రాశారు. పక్కన పటం కూడా వేశారు. అందులో అంబట్‌పల్లి ఉంది, కన్నెపల్లి ఉంది, కాళేశ్వరం ఉంది. నదికి ఎడమ పక్క మాత్రం తెల్ల కాగితమే. అక్కడ ఉండాల్సింది మా సిరొంచ తాలూకా. బ్యారేజీ రెండో కొస ఆనింది ఇక్కడి పోచంపల్లి శివారులోనే. ఓటు మహారాష్ట్రలో వేసినా మా ఇళ్లల్లో మాట తెలుగే, చదివే పత్రిక మీదే. అందుకే ఈ ఉత్తరం.

తెలంగాణ రాజకీయాలకు మేడిగడ్డ ఇప్పుడు నిలవ పచ్చడి. ఏ ఎన్నికలొచ్చినా జాడీ మూత తీస్తారు. 2023 అక్టోబర్ 21న బ్యారేజీలో ఏడో బ్లాకు, అంటే పిల్లర్ల ఏడో వరస, కుంగింది. ఆ తర్వాత జాతీయ డ్యామ్ భద్రతా సంస్థ వాళ్లు వచ్చి చూశారు. జస్టిస్ పీసీ ఘోష్ కమిషన్ కూర్చుని 2025 జూలై 31న నివేదిక ఇచ్చింది. దాని మీద అసెంబ్లీ అర్ధరాత్రి దాటేదాకా నడిచింది, చివరికి సీబీఐ అన్నారు. ఇంత రభసలో ఎడమ ఒడ్డు రైతు ఊసు ఎవరెత్తారో దుర్భిణీ పెట్టి వెతుక్కోవాలి. మా ముంబయి పెద్దలు మాత్రం తక్కువ తిన్నారా? 2019 జూన్ 21న ప్రాజెక్టు ప్రారంభోత్సవానికి వచ్చిన ముగ్గురు ముఖ్యమంత్రుల్లో మహారాష్ట్ర ముఖ్యమంత్రి కూడా ఉన్నారు. ఫొటోలు బాగా వచ్చాయి.

మరమ్మతు చేసుకుంటామంటే మేం కాదనం. తెలంగాణ రైతుకు నీళ్లు రావద్దని ఇక్కడ కోరుకునేవాళ్లు ఎవరూ లేరు, అటూ ఇటూ చుట్టరికాలే. గేట్లు మళ్లీ దించేముందు మా వైపు ఎంత భూమి మునుగుతుందో నిజం లెక్క తేల్చండి అంటున్నాం, అంతే.

2016 ఆగస్టు 23న ముంబయిలో చేసుకున్న ఒప్పందంలో మేడిగడ్డ పూర్తి నిల్వ మట్టం సముద్ర మట్టానికి 100 మీటర్లు. ఆ మట్టానికి నిల్వ 16.17 టీఎంసీలు. ముంపు మాటలన్నీ ఆ 100 మీటర్ల గీత చుట్టూనే తిరుగుతున్నాయి. ఆ గీత నిలిచిన నీటికి సరిపోతుంది, పారే వరదకు సరిపోదు. వరదలో ఎగువకు పోయేకొద్దీ నీటి మట్టం ఎక్కువగా ఉంటుంది, లేకపోతే నీరు కిందికి పారనే పారదు. 85 గేట్లూ ఎత్తేసినా పిల్లర్లు అడ్డంగానే ఉంటాయి, వాటి వల్ల ఇంకొంత ఎగదన్నుతుంది. దీన్ని బ్యాక్‌వాటర్ కర్వ్ అంటారు, డిప్లొమా కుర్రాడిని అడిగినా చెబుతాడు. బ్యారేజీకి సుమారు ఇరవై కిలోమీటర్ల ఎగువన, కాళేశ్వరం దగ్గర ప్రాణహిత వచ్చి కలుస్తుంది. కింద గోదావరి నిండుగా ఉంటే ప్రాణహితకు దిగే దారి ఉండదు. అప్పుడు 100 గీతకు పైనున్న చేలు కూడా మునుగుతాయి. భూసేకరణ జాబితాలో లేని సర్వే నంబరు కనుక ఆ రైతు ఏ కచేరీ లెక్కలోనూ ముంపు రైతు కాడు.

వాగుల సంగతి ఇంకా ఘోరం. నది పెరిగిందంటే ముందు వాగు నోరు మూసుకుపోతుంది. పై నుంచి వచ్చే వాన నీరు, కింద నుంచి ఎక్కే నది నీరు కలిసి చేల వెనక నుంచి వస్తాయి, ఒడ్డు మీద నిలబడి చూసేవాడికి కనిపించవు. నది తగ్గాక కూడా ఆ నీరు వెంటనే పోదు, వాగు నోట్లో ఒండ్రు మేట వేసి ఉంటుంది. పత్తి రెండు మూడు రోజులకు మించి నీళ్లలో తట్టుకోదు. నీరు తీసి ఎండ కాయగానే ఆకు వాలిపోతుంది, మొక్క పీకి చూస్తే వేరు నల్లబడి ఉంటుంది. అప్పటికి దుక్కి, విత్తనం, మొదటి విడత ఎరువు, కలుపు కూలి అన్నీ పెట్టేసి ఉంటారు. మళ్లీ విత్తుదామంటే అదను దాటిపోతుంది. మిరప నారుమడి పోతే ఇంకో నారు కొని తెచ్చుకోవాలి, అదీ దొరికితే.

అప్పుడు పంచనామా, అంటే నష్టం చూసి రాసుకోవడం. తలాఠీ (ఊరి రెవెన్యూ ఉద్యోగి), గ్రామసేవక్ (పంచాయతీ ఉద్యోగి), కృషి సహాయక్ (వ్యవసాయ శాఖ ఉద్యోగి) ముగ్గురూ కలిసి చేను చూడాలని రూలు. ముగ్గురూ ఒక్క రోజు దొరికితే ఆ ఊరు అదృష్టం చేసుకున్నట్టే. నష్టం 33 శాతం దాటితేనే సాయం. 2022లో కేంద్రం ఖరారు చేసిన నిబంధనల్లో వర్షాధారపు పంటకు హెక్టారుకు 8,500 రూపాయలు, అదీ రెండు హెక్టార్ల వరకే. అంటే ఎకరానికి మూడున్నర వేలు కూడా రావు. ఇసుక మేట తీయడానికి హెక్టారుకు 18,000, మేట మూడు అంగుళాలు దాటితేనే. మేట మందం కొలవడానికి స్కేలు పట్టుకొచ్చే ఉద్యోగి కనబడితే దండేసి ఊరేగించవచ్చు. నది కోసేసి భూమే పోతే చిన్న, సన్నకారు రైతుకు హెక్టారుకు 47,000, ఎకరానికి పందొమ్మిది వేలు. గోదావరి ఒడ్డు ఒండ్రు నేల ఎకరం పందొమ్మిది వేలు! పైగా ఇవి వానకు, వరదకు ఇచ్చే సాయాలు. గేట్లు దించి మనిషి నిలిపిన నీటికి కూడా ఇదే పట్టీ చూపించి రైతును పంపించేయడం ఏ న్యాయం? కౌలు రైతుకు అదీ లేదు. సాత్‌బారాలో (మా దగ్గర భూమి రికార్డు) పేరున్నవాడి ఖాతాలో డబ్బు పడుతుంది, పెట్టుబడి పెట్టినవాడు నోటిమాట కౌలు పట్టుకుని తహసీల్ కచేరీ చుట్టూ తిరుగుతాడు.

2013 భూసేకరణ చట్టం మాత్రం ఇంత చౌక కాదు. దాని ప్రకారం మార్కెట్ విలువ కట్టి, గ్రామీణ భూమికి ఒకటి నుంచి రెండు దాకా గుణకం వేసి, దాని మీద నూరు శాతం సొలేషియం, అంటే ఇష్టం లేకుండా భూమి పోయినందుకు ఊరడింపు సొమ్ము, కలపాలి. జాప్యానికి మార్కెట్ విలువ మీద ఏడాదికి 12 శాతం అదనం. చిక్కంతా ఆ మొదటి అంకె దగ్గరే. సిరొంచ షెడ్యూల్డ్ ప్రాంతం. గిరిజన భూమి అమ్మకాలకు ఆంక్షలున్నాయి. అమ్మకాలు లేనిచోట మూడేళ్ల రిజిస్ట్రేషన్ల సగటు తీస్తే ఎంత వస్తుంది? సరిగ్గా ఇలాంటి చోట్ల కోసమే 26వ సెక్షన్ మూడో ఉపసెక్షన్ పెట్టారు, చుట్టుపక్కల ప్రాంతాల ధర చూసి రాష్ట్ర ప్రభుత్వం కనీస ధర ప్రకటించాలని. ఆ పేజీ తిరగేసే అధికారి ఏడీ? కొంత భూమి నేరుగా కొనేసి పని కానిచ్చారు. ఖరీదు దస్తావేజు రాసిచ్చాక ఆ రైతుకు అవార్డు (కలెక్టరు పరిహారం తేల్చి ఇచ్చే ఉత్తర్వు) మీద ధర పెంచమనే హక్కు ఉండదన్న ముక్క ముందే ఎవరు చెప్పారు? ఇకముందు అవార్డు వచ్చే రైతులైనా గుర్తుపెట్టుకోవాలి: చెక్కు తీసుకునేటప్పుడు "అభ్యంతరంతో తీసుకుంటున్నాను" అని రాసి సంతకం చేయాలి. అవార్డు రోజు హాజరైతే ఆరు వారాల్లోపు కలెక్టరుకు దరఖాస్తు పడాలి. గడువు దాటితే, ఆ పైన ఏడాదిలోపు సరైన కారణం చూపించి కలెక్టరును ఒప్పించుకోవాలి. కలెక్టరు కూర్చునే గడ్చిరోలి ఇక్కడికి రెండు వందల కిలోమీటర్లు, ఆ రోడ్డు గురించి రాస్తే ఇంకో ఉత్తరం అవుతుంది.

బ్యారేజీ నీటిని మళ్లించడానికి కట్టేది, దాన్ని రిజర్వాయరులా ఏళ్ల తరబడి నింపి ఉంచడం తప్పని ఇప్పుడు అందరూ అంటున్నారు. నింపినన్నాళ్లూ మా ఒడ్డు చేలలో తడి ఆరక రబీ దుక్కికి ట్రాక్టరు దిగబడిన సంగతి ఆ తప్పుల జాబితాలోకి ఎక్కలేదు. కుంగిన ఏడో బ్లాకు ఉన్నదీ మహారాష్ట్ర కొసకే దగ్గర. రేపు దాని చుట్టూ మట్టికట్ట వేసి పని మొదలుపెడితే నది ఎటు తోసుకుపోతుంది? కట్ట ఉండగా వరదొస్తే పక్క గేట్ల మీద పడే ఒత్తిడి దిగువన ఎడమ ఒడ్డును కోయదా? ఈ లెక్క డిజైన్ ఇచ్చే సంస్థ చేత ముందే చేయించాలి. ఒడ్డుకు రాతి కట్టుబడి కూడా మరమ్మతు అంచనాలోనే చేర్చాలి.

ఇప్పుడు తుమ్మిడిహెట్టి, అంటే వార్ధా, వైన్‌గంగ కలిసేచోట ప్రాణహిత మీద కడతామంటున్న బ్యారేజీ, మళ్లీ తెర మీదికి వచ్చింది. నీటి మట్టం ఒకప్పుడు 152 మీటర్లన్నారు, 2016లో 148కి ఒప్పుకున్నారు, ఇప్పుడు 150 అంటున్నారు. హైదరాబాద్‌లో అది రెండు మీటర్ల బేరం. చదును నేల మీద రెండు మీటర్లంటే నీరు ఎంత దూరం పరుచుకుంటుందో వార్ధా, వైన్‌గంగ ఒడ్డున ఉన్నవాళ్లను అడగాలి. అక్కడా ముందు కట్టి తర్వాత కొలుస్తారేమో.

కొలవడం బ్రహ్మవిద్య కాదు. రెండు రాష్ట్రాల సర్వేయర్లు కలిసి, రైతుల ఎదుట మోజణీ (భూమి కొలత) చేసి, 100 మీటర్ల గీత మీద ఒక వరస, పెద్ద వరద చేరే గీత మీద ఒక వరస రాళ్లు పాతాలి. 2022 జూలై వరద కన్నెపల్లి పంపుహౌస్‌నే ముంచింది. ఆ ఏడు ఏ ఇంటి గోడ మీద ఎంతవరకు తడి మచ్చ పడిందో ఊళ్లల్లో ఇప్పటికీ చూపిస్తారు, లెవెల్ మిషన్ పెట్టి రాసుకోవడమే తరువాయి. రెండు గీతల మధ్య భూమికి సేకరణో, ఏటా ముంపు పరిహారమో ఏదో ఒకటి రాతపూర్వకంగా తేల్చాలి. షెడ్యూల్డ్ ప్రాంతాల గ్రామసభలకు హక్కులిచ్చే పెసా చట్టం ప్రకారం ముందు గ్రామసభలను అడగాలి, తీర్మానం పుస్తకంలో తర్వాత సంతకాలు పోగేయడం కుదరదు. ఇదంతా అయ్యేలోపు కనీసం ఒకటి చేయండి: ఎన్ని గేట్లు, ఎన్ని మీటర్లు ఎత్తారో, ఎన్ని క్యూసెక్కులు వదులుతున్నారో ఏ పూటకాపూట సిరొంచ తహసీల్ కచేరీకి, అంకిస, అసరల్లి పంచాయతీలకు తెలుగులో, మరాఠీలో పంపించండి. దానికి కమిషనూ అక్కర్లేదు, అంతర్రాష్ట్ర ఒప్పందమూ అక్కర్లేదు, ఒక గుమాస్తా చాలు.

— ఒక పాఠకుడు,
సిరొంచ తాలూకా, గడ్చిరోలి జిల్లా