చక్రం ఆగినప్పుడు ఏమిస్తారో అడుగు

ఒరేయ్ బావా,

అమెరికాలో పెద్ద ట్రక్కులు తోలే లైసెన్సు, సీడీఎల్, చేతికొచ్చిందన్న నీ కబురు చూసి ఎంత సంతోషపడ్డానో! రెండు ట్రక్కు కంపెనీలు రమ్మంటున్నాయి, ఒకళ్ళు మైలుకి నాలుగు సెంట్లు ఎక్కువిస్తామంటున్నారు, అక్కడే చేరిపోనా అని అడిగావు. కాస్త ఆగు. ఫోన్లో అయితే సగం మర్చిపోతాను, అందుకే తీరిగ్గా రాస్తున్నా.

మైలు రేటు చూసి పడిపోకురా. రిక్రూటర్ ముందుగా చెప్పేది ఎప్పుడూ అదే. నువ్వు అడగాల్సింది ఇంకోటి: చక్రం తిరగనప్పుడు నాకేమిస్తారు? డ్యూటీ ఎక్కిన క్షణం నుంచి 14 గంటల్లోపే నీ 11 గంటల డ్రైవింగూ అయిపోవాలి. లోడు కోసం సరుకు ఎక్కించే డాక్ దగ్గర నాలుగైదు గంటలు కూర్చోబెట్టారనుకో, ఆ గడియారం నడుస్తూనే ఉంటుంది. విశ్రాంతిని స్లీపర్‌లో, అంటే క్యాబ్ వెనక పడకలో, రెండు ముక్కలుగా తీసుకుని ఆ గడియారాన్ని కాసేపు నిలిపే వెసులుబాటు ఉంది గానీ, అన్నిసార్లూ అది కలిసిరాదు. మైళ్ళు పోయాయంటే డబ్బులు పోయినట్టే. పైగా 1938 నాటి ఫెడరల్ కార్మిక చట్టంలోని ఓవర్‌టైం, రాష్ట్రాలు దాటి తిరిగే మనలాంటి డ్రైవర్లకు వర్తించదు. అందుకని డిటెన్షన్ పే, అంటే డాక్ దగ్గర కాచుకున్నందుకిచ్చే డబ్బు, ఎన్ని గంటల తర్వాత మొదలవుతుంది, గంటకెంత, సరుకు పంపే షిప్పర్ కంపెనీకి ఇవ్వకపోయినా నాకిస్తారా అని అడుగు. బండి షాపులో ఉంటే ఏమిటి, లోడు లేక రాత్రంతా ఆగిపోయే లేఓవర్‌కి ఏమిటి అన్నది కూడా. జవాబు కాగితం మీద ఉండాలి, నోటి మాట వద్దు. మైళ్ళు ఎలా కొలుస్తారో కూడా కనుక్కో. ట్రక్కు నిజంగా వెళ్ళే దారిని లెక్కేసే ప్రాక్టికల్ మైళ్ళయితే మేలు. ఊరి నుంచి ఊరికి దగ్గరి దారి దూరం పట్టే హౌస్‌హోల్డ్ గూడ్స్ లెక్కయితే నీ ఓడోమీటర్ చూపించినదానికన్నా మామూలుగా తక్కువే వస్తుంది. నీ నాలుగు సెంట్ల తేడా అక్కడే ఆవిరైపోవచ్చు.

ఇక నాకు అన్నిటికన్నా ముఖ్యంగా అనిపించేది ట్రైనింగ్. నేర్చుకునే పర్మిట్ మీద ఉన్నంత కాలం సీడీఎల్ ఉన్న మనిషి ముందు సీట్లో నీ పక్కనే ఉండాలని నియమం. లైసెన్సు రాగానే ఆ నియమం తీరిపోతుంది. దాంతో కొన్ని కంపెనీలు ట్రైనర్‌నీ కొత్తవాణ్ణీ టీమ్ లాగా తిప్పేస్తాయి. నువ్వు తోలుతుంటే ఆయన వెనక బెర్త్‌లో నిద్రపోతాడు. ఒరెగాన్‌లో పెండిల్‌టన్ పైన కాబేజ్ హిల్ ఉంది చూశావూ, 6 శాతం వాలు, మెలికలు. అలాంటి చోట నిండు లోడుతో మొదటిసారి దిగేటప్పుడు ఏ గేరులో దిగాలో, బ్రేకు ఎప్పుడు ముట్టుకోవాలో చెప్పే గొంతు పక్కన ఉండాలి కదరా! అందుకే సూటిగా అడుగు: ఎన్ని వారాలు ట్రైనర్ పక్క సీట్లో మెలకువగా ఉంటాడు? బ్యాకింగ్ (బండి వెనక్కి తీయడం) రోజూ చేయిస్తారా? కొత్తవాళ్ళు ఎక్కువగా బండికి సొట్ట పెట్టేది ట్రక్ స్టాప్‌లో వెనక్కి తీసేటప్పుడే. మొదటి ఏడాది రికార్డు శుభ్రంగా ఉంటే తర్వాత మంచి కంపెనీలే నిన్ను పిలుస్తాయి. అందుకే ఈ ఏడాది నీ అసలు సంపాదన ఆ రికార్డే అనుకో.

ఆ కంపెనీల డాట్ నంబరు (రవాణా శాఖ ఇచ్చే గుర్తింపు సంఖ్య) తీసుకుని, ట్రక్కుల భద్రత చూసే ఫెడరల్ సంస్థ ఎఫ్ఎంసీఎస్ఏ వాళ్ళ సేఫర్ సైట్‌లో కొట్టి చూడు. తనిఖీల్లో ఎన్ని బండ్లను, ఎంతమంది డ్రైవర్లను అక్కడికక్కడే ఆపేశారో శాతాల్లో ఉంటుంది, పక్కనే జాతీయ సగటు కూడా. బండ్ల శాతం సగటు కన్నా బాగా ఎక్కువుంటే రిపేర్లకు డబ్బు పెట్టడం లేదేమోనని అనుమానించు.

రెండు విషయాల్లో మాత్రం నా మాట కాదనకు. వాళ్ళ బండి తోలుతూ, వాళ్ళు చెప్పిన లోడు వేస్తూ 1099 మీద పని, అంటే ఉద్యోగిగా కాక కాంట్రాక్టరుగా లెక్కేసే పని, అంటే వద్దను. సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్ను 15.3 శాతం మొత్తం నీ నెత్తినే పడుతుంది. దెబ్బ తగిలితే వర్కర్స్ కాంప్ (పనిలో గాయాలకిచ్చే బీమా) కూడా ఉండకపోవచ్చు. ఇక లీజ్-పర్చేజ్, అంటే కంపెనీ బండినే అద్దె వాయిదాల మీద కొనుక్కోవడం. 'సొంత బండి, నువ్వే ఓనరు' అంటారు. లోడు ఉన్నా లేకపోయినా వారం వారం వాయిదా కోసేస్తారు. ఇవి డ్రైవర్లను ముంచుతున్నాయని, నిషేధించమని ఫెడరల్ టాస్క్‌ఫోర్సే 2025లో సిఫారసు చేసింది.

హోమ్ టైమ్, ఫ్రిజ్, చలిలో ఇంజన్ ఆపేసినా నడిచే హీటర్ లాంటివి అక్కడ పనిచేసే డ్రైవర్లనే అడుగు. ట్రక్ స్టాప్‌లో ఆ కంపెనీ బండి కనిపిస్తే వెళ్ళి పలకరించు, మొహమాటపడకు. 'నాకు నిద్ర వస్తోంది, తోలలేను అంటే లోడ్లు పంచే మీ డిస్పాచర్ ఏమంటాడు' అని అడిగి చూడు. గంటలు దాటి తోలమని బలవంతపెట్టడం 2016 నుంచి విడిగా ఫెడరల్ నియమాల ఉల్లంఘన కింద జరిమానాకు దారితీస్తుంది. 90 రోజుల్లోపు ఫిర్యాదు చేయవచ్చు. కానీ ఫిర్యాదు దాకా వెళ్ళే అవసరం రాని చోటు చూసుకుంటేనే నాకు ధైర్యం.

రెండు కంపెనీల డాట్ నంబర్లూ, పే షీట్లూ, ట్రైనింగ్ కాంట్రాక్టూ నాకు పంపు. ఏడాది లోపు మానేస్తే స్కూలు ఫీజు తిరిగి కట్టాలనే షరతు ఉందేమో ముందు అదే చూద్దాం. ఆదివారం ఫోన్ చేస్తా. అప్పటిదాకా దేనిమీదా సంతకం పెట్టకు.

నీ,
బావ