పక్కసీటు బాబాయిగారికి

నిద్ర లేదు, ఒళ్లంతా నొప్పులు, అమ్మకి ఇప్పుడే కునుకు పట్టింది. ఇప్పుడు రాయకపోతే ఇక రాయను.

నిన్న రాత్రి ఢిల్లీ నుంచి గన్నవరంలో దిగాల్సిన మా విమానం, ఫ్లాప్స్ (రెక్కల వెనకంచున కిందికి వంగే పలకలు) మొరాయించి శంషాబాద్‌లో దిగింది. అందరం క్షేమం. పైలట్లిద్దరికీ శతకోటి నమస్కారాలు. కానీ ఈ పోస్టు నా పక్కన కూర్చున్న పెద్దాయన కోసం. పేరడిగితే "పేరెందుకు తల్లీ" అన్నారు. శ్రీకాకుళం యాస. ఎయిర్‌ఫోర్స్‌లో ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టర్‌గా, అంటే విమానం బాడీ, రెక్కలు బాగుచేసే పనిలో, చేసి రిటైరయ్యారట.

గన్నవరం దగ్గరపడుతుంటే ఆయన ఉన్నట్టుండి చెవి రిక్కించారు. "ఫ్లాప్స్ తిప్పే మోటారు చప్పుడు మొదలై ఆగిపోయింది" అన్నారు. నాకేం వినపడలేదు. కాసేపటికి విమానం మళ్లీ పైకి లేచింది. సాంకేతిక కారణాల వల్ల హైదరాబాద్ వెళ్తున్నామని ఇంగ్లీషులో ఒకసారి, హిందీలో ఒకసారి చెప్పారు. గన్నవరం విమానం, నిండా మనవాళ్లే, అందులో ఎంతమంది ముసలివాళ్లో! తెలుగులో ఒక్క ముక్క లేదు. అమ్మ నా చెయ్యి పట్టుకుని "ఏమంటున్నారే?" అంటోంది. నాకు నోరు పెగల్లేదు.

ఆయనే అందుకున్నారు. బోర్డింగ్ పాస్ తీసి, దాని వెనకంచు కిందికి మడిచి అమ్మకి చూపించారు.

"ఇదీ రెక్క అక్కయ్యగారూ. దిగేముందు వెనకంచు ఇలా వంగాలి. అప్పుడు నెమ్మదిగా పోతున్నా రెక్క బరువు మోస్తుంది. ఇవాళ వంగనంటోంది. ఒకవైపు వంగి ఇంకోవైపు వంగకపోతే ప్రమాదం గనక, తేడా వస్తే మిషనే రెండువైపులా బిగించేస్తుంది. అందుకని మనం కాస్త జోరుగా దిగాలి. గంటకి 250 కిలోమీటర్ల దగ్గర దిగేది 300 దాటి దిగుతుంది. జోరెక్కువైతే ఆగడానికి చోటు కావాలి కదా. గన్నవరం రన్‌వే 3,360 మీటర్లు, శంషాబాద్‌ది 4,260."

"మరి చుట్లు కొడుతోందేం తమ్ముడూ?" అంది అమ్మ.

"ఈ సైజు విమానాల్లో ఆయిలు పారబోసే ఏర్పాటు ఉండదక్కయ్యా, తిరిగి కాల్చాల్సిందే. బరువు తగ్గితే మనకే మంచిది. ఈలోగా పైలట్లు లెక్కలన్నీ చూసుకుంటారు."

తర్వాత ఏమేం జరుగుతుందో కూడా వరసగా చెప్పారు. ముక్కు మామూలు కంటే పైకెత్తి దిగుతుంది. బ్రేకులు గట్టిగా పడతాయి, ముందుకి తూలతారు. ఫైరింజన్లు వెంటపడతాయి, మంటలొచ్చాయని కాదు, బ్రేకులు బాగా వేడెక్కి ఉంటాయని. మరీ వేడెక్కితే చక్రంలో ఉండే చిన్న ప్లగ్ కరిగి గాలి దానంతటదే పోతుంది, టైరు పేలకుండా. (ఆ ప్లగ్ దాకా మాత్రం రాలేదు, దేవుడి దయ.) మిగతాదంతా చెప్పింది చెప్పినట్టే జరిగింది. ఒక్కోటి జరిగినప్పుడల్లా అమ్మ నావైపు తిరిగి "చెప్పాడుగా" అనడం!

అసలు కష్టం కిందికి దిగాక. అమ్మకి వీల్‌చెయిర్ టికెట్‌తోపాటే బుక్ చేశాం. కౌంటర్లో అబ్బాయి కంప్యూటర్ చూసి "మీ వీల్‌చెయిర్ గన్నవరానికి బుక్కయింది మేడమ్" అన్నాడు. గన్నవరంలో ఉన్న కుర్చీని శంషాబాద్‌లో నేనేం చేసుకోను? అంత పెద్ద విమానాన్ని పొల్లుపోకుండా దింపారు, కింద ఒక్క కుర్చీ ఎవరు తేవాలో తేలలేదు. మంచినీళ్లడిగితే కూపన్ ఇస్తామన్నారు. కూపన్ కోసం మళ్లీ క్యూ. డబ్బు వాపసుకి వెబ్‌సైట్ చూసుకోవాలట.

అప్పుడే అమ్మకి షుగర్ పడిపోయింది. చేతులు వణుకుతున్నాయి. ఆయన జేబులోంచి విమానంలో టీతో ఇచ్చిన చక్కెర పొట్లం తీసి, చింపి, అమ్మ అరచేతిలో పోశారు. అది నాకించాక సంచిలోంచి స్టీలు డబ్బా తీశారు. కూతురు ఢిల్లీలో కట్టిచ్చిన చపాతీలు, బెండకాయ వేపుడు. నేల మీదే చతికిలపడి, ముక్కలు తుంచి ఒక్కోటి అమ్మ చేతికిచ్చారు. తనొక్క ముక్క తినలేదు. గాలిలో ఉన్నంతసేపూ చుక్క కన్నీరు రాలని నేను అక్కడ వెక్కి వెక్కి ఏడ్చాను.

"దిగాక ఎందుకు తల్లీ ఏడుపు?" అన్నారు. నన్ను మాటల్లో పెట్టడానికి కాబోలు, 1989లో అమెరికాలో జరిగింది చెప్పారు. విమానాన్ని అదుపులో ఉంచే హైడ్రాలిక్స్ (ద్రవం ఒత్తిడితో పనిచేసే ఏర్పాట్లు) మూడూ పోయిన విమానంలో ప్రయాణికుడిగా ఉన్న డెన్నీ ఫిచ్ అనే ట్రైనింగ్ పైలట్ కాక్‌పిట్‌లోకి వెళ్లి థ్రాటిల్స్ (ఇంజన్ల జోరు పెంచి తగ్గించే పిడులు) పట్టుకున్నాడట. సూ సిటీ రన్‌వే దాకా తెచ్చారు. 296 మందిలో 184 మంది బతికారు. "ఇది పైనుండగా చెప్పలేదేం బాబాయిగారూ?" అంటే పకపకా నవ్వారు.

తమ్ముడు అర్ధరాత్రి కారేసుకుని వచ్చాడు, మావారు ఫోన్ల మీద ఫోన్లు. వాళ్లకి థాంక్స్ చెబితే తిడతారు.

మేం సామాను సర్దుకునేలోపే ఆయన విజయవాడ బస్సెక్కేశారు. డబ్బా మా దగ్గరే ఉండిపోయింది. మూత మీద పేరు చెక్కించి ఉంది. ఆయన్ని ఎరిగినవాళ్లెవరైనా ఆ పేరు చెబితే, నేనే తీసుకెళ్లి ఇస్తాను.

అయ్యో, మర్చిపోయా: మోకాళ్ల మీద కూర్చుని అమ్మ బెల్టు బిగించిన ఎయిర్‌హోస్టెస్ అమ్మాయి, పవర్‌బ్యాంక్ ఇచ్చిన వెనకసీటు బీటెక్ అబ్బాయి, ఫైరింజన్ల సిబ్బంది. ఇంకా, చివరికి వీల్‌చెయిర్ ఎక్కణ్నుంచో తోసుకొచ్చిన హౌస్‌కీపింగ్ ఆవిడ. అది ఆవిడ డ్యూటీయే కాదు, సూపర్‌వైజర్ కేకలేస్తున్నా వినకుండా గేటుదాకా తోసింది. ఆమెకి మాటొస్తే ఎవరిని కలవాలో చెప్పండి, నేనొచ్చి మాట్లాడతాను.