సిమెంటు బ్లాకు మట్టి ఇటుక కాదు

సంపాదకులకు నమస్కారం.

ఇటుకల లోడు దిగగానే పైపు పట్టి తడపడం మన దగ్గర అలవాటు. పొడి మట్టి ఇటుక మాలులోని (సిమెంటు, ఇసుక కలిపిన ముద్దలోని) నీళ్ళు లాగేస్తుంది కాబట్టి దానికి ఆ తడుపు కావాలి. సిమెంటు బ్లాకుకు అదే పని చేస్తే కొన్ని నెలల్లో గోడ మీద మెట్లు మెట్లుగా పగుళ్ళు దిగుతాయి. సిమెంటు బ్లాకు తడిస్తే రవ్వంత ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకుపోతుంది. గోడలో బిగుసుకున్నాక కుంచించుకోవడానికి చోటుండదు, అందుకే చీలుతుంది. పెరట్లో చిన్న వర్క్‌షాపు గది సొంత చేతులతో కట్టుకోవాలనుకునేవాళ్ళు ఇటుక పనిలో చూసిందంతా బ్లాకు పనిలోనూ చేసి దెబ్బతింటున్నారు. మీ ఇంటి నిర్మాణం పేజీ చదివేవాళ్ళలో అలాంటివాళ్ళు ఉంటారు కనుక ఈ ఉత్తరం.

బ్లాకులు పోసి అమ్మే యార్డుకు వెళ్ళినప్పుడు ధరకన్నా ముందు అడగాల్సింది బ్లాకు పోసిన తేదీ. భారత ప్రమాణం ఐఎస్ 2185 ప్రకారం బ్లాకును కనీసం 14 రోజులు తడి ఆరకుండా క్యూరింగ్ చేసి, ఆ తర్వాత నాలుగు వారాలు ఆరనివ్వాలి. వారం తిరగకుండా లారీ ఎక్కే పచ్చి బ్లాకు తన కుంచింపంతా మీ గోడలో చేరాకే చూపిస్తుంది. తేదీ చెప్పేవాడు లేకపోతే ఓ పది బ్లాకులు పరీక్షించండి. రెండింటిని ఒకదానికొకటి తాటిస్తే ఖంగుమనాలి. మొద్దుగా మోగితే లోపల తడి మిగిలినట్టు, లేదా సిమెంటు తగ్గినట్టు. అంచును బొటనవేలితో గట్టిగా నొక్కితే రాలకూడదు. 16×8×6 అంగుళాల సాలిడ్ బ్లాకు పాతిక కిలోలకు అటూ ఇటూ తూగాలి. ఇరవై కిలోలు కూడా లేకపోతే వద్దనండి. వీలైతే పనికి నెల ముందే కొని చెక్కల మీద పేర్చి, పైన మాత్రం టార్పాలిన్ కప్పి, పక్కలు గాలికి వదిలేయండి. కట్టే రోజు ఎండ మండిపోతుంటే మాలు తగిలే ముఖం మీద చేత్తో నాలుగు చుక్కలు చిలకరిస్తే చాలు.

గది కొలత ముందే గీసుకుని, బ్లాకులు తర్వాత కొనడం రెండో పొరపాటు. ప్రమాణంలో 400 మిల్లీమీటర్లు అని రాసిన పొడవులో 10 మి.మీ. జాయింటు (బ్లాకుల మధ్య మాలు పట్టే సందు) కలిసి ఉంటుంది, అంటే బ్లాకు అసలు పొడవు 390. చిన్న యార్డుల అచ్చుల్లో నిండు 400 వచ్చేవీ ఉన్నాయి. తొమ్మిది బ్లాకుల గోడలో ఈ తేడా తొమ్మిది సెంటీమీటర్లు. అది సర్దుకోవాలంటే ప్రతి వరసలో ఒక బ్లాకు కోయాలి. ముందు రెండు బ్లాకులు తెచ్చి టేపు పెట్టి కొలిచి, జాయింటు కలుపుకుని, ఆ లెక్కకు గదిని సర్దండి.

కింది లెక్కలన్నీ బయటి కొలత 12×10 అడుగులున్న గదికి. 6 అంగుళాల గోడ, 400×200 బ్లాకు, నాలుగడుగుల తలుపు ఒకటి, మూడడుగుల కిటికీలు రెండు, ఒకవైపు వాలే రేకుల కప్పు. వరసకు 31 బ్లాకులు, సగటున 12 వరసలు. తలుపు, కిటికీల చోటు తీసేసి, విరిగేవి కలుపుకుంటే 340 బ్లాకులు. బరువు ఎనిమిదిన్నర టన్నులు. లారీ డ్రైవరు గేటు ముందు దించి వెళ్ళిపోతే ఆ ఎనిమిదిన్నర టన్నులూ పెరట్లోకి మోసేది మీరే. తేలికని ఏఏసీ బ్లాకు (లోపలంతా గాలి బుడగలుండే బ్లాకు) వైపు చూసేవాళ్ళుంటారు. దానికి మామూలు మాలు కాదు, పలచటి జాయింటుకు జిగురు వాడాలి. బరువైన అలమరా బిగిస్తే మామూలు ప్లగ్గు అందులో పట్టు నిలపదు. పనిముట్లు వేలాడాల్సిన గదికి సాలిడ్ బ్లాకే నయం.

గది ఎక్కడ పెడతారన్నది మొదట తేల్చుకోవాలి. తెలంగాణలో 2012 నాటి జీవో 168, ఆంధ్రప్రదేశ్‌లో 2017 నాటి జీవో 119 ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీలను నిర్దేశించాయి. పెరడు మనదే కదా అని ఆ ఖాళీలో గోడ లేపేముందు టౌన్ ప్లానింగ్ సెక్షన్లో అడగండి. ప్రహరీని నాలుగో గోడగా వాడుకుంటే వంద బ్లాకులు మిగులుతాయని అనిపిస్తుంది. దయచేసి ఆ జోలికి పోవద్దు. ప్రహరీ పునాది లోతు తక్కువ, అది కుంగే తీరు వేరు, కొత్త గోడ కుంగే తీరు వేరు. రెండూ కలిసే మూలలో పైనుంచి కిందికి నిలువు చీలిక ఖాయం, ఆ చీలికలోంచే వాన లోపలికి వస్తుంది. పైగా ఆ గోడలో పక్కింటివాళ్ళకూ హక్కు ఉండొచ్చు. కనీసం రెండున్నర అడుగులు వదిలితే బయటి ప్లాస్టరింగుకు మనిషి పడతాడు, చూరు నీళ్ళు మన నేల మీదే పడతాయి.

గది ఆకారానికి నేల మీద దారాలు కట్టి ముగ్గు పోసేటప్పుడు ఒక మూల నుంచి ఒక దారం మీద 6 అడుగులు, రెండో దారం మీద 8 అడుగులు గుర్తు పెట్టండి. ఆ గుర్తుల మధ్య సరిగ్గా 10 అడుగులొస్తే మూలమట్టం కుదిరినట్టు. నాలుగు మూలలూ అయ్యాక కర్ణాలు కొలిస్తే రెండూ 15 అడుగుల ఏడున్నర అంగుళాలు రావాలి. ఇక్కడ అంగుళం తేడా వదిలేస్తే రేకులు పరిచే రోజు అది మళ్ళీ ఎదురవుతుంది.

పునాది విషయంలో నేలను బట్టి నడవాలి. ఎర్రనేల, మొరం అయితే రెండడుగుల వెడల్పున రెండున్నర నుంచి మూడడుగులు, గడ్డపార గట్టిగా ఎదురు తన్నేదాకా తవ్వాలి. అడుగున సిమెంటు, ఇసుక, కంకర 1:4:8 పాళ్ళలో 4 అంగుళాల కాంక్రీటు బెడ్డు, దానికి మూడు బస్తాల సిమెంటు పడుతుంది. దాని మీద రాతి కట్టడం, నేలకు అడుగు పైన ప్లింత్ బీమ్, అంటే గోడల కింద చుట్టూ తిరిగే కాంక్రీటు దూలం. బీమ్ 6 అంగుళాల వెడల్పు, 9 అంగుళాల లోతు. నాలుగు 12 మి.మీ. చువ్వలు, 6 అంగుళాలకొక 8 మి.మీ. రింగు. చిన్న గదికి బీమ్ ఎందుకని దాన్ని ఎగ్గొడతారు. బ్లాకు గోడ బరువైనది, పెళుసైనది. కింద నేల ఒక పక్క పావంగుళం కుంగినా వంగడం దానికి చేతకాదు. బీమ్ ఆ కుంగుబాటును గోడంతటికీ పంచుతుంది.

నల్లరేగడి నేల సంగతి పూర్తిగా వేరు. వేసవిలో చెయ్యి దూరేంత నెర్రెలు విచ్చి, వానల్లో మళ్ళీ ఉబ్బి మూసుకునే నేల మీద మూడడుగుల పునాది ప్రతి ఏడూ లేస్తుంది, దిగుతుంది. ఇలాంటి నేలల కోసమే రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ (సీబీఆర్ఐ) అండర్ రీమ్డ్ పైల్స్, అంటే నేలలోకి లోతుగా దిగి అడుగున గొడుగులా ఉబ్బిన కాంక్రీటు స్తంభాల పద్ధతిని రూపొందించింది. పైల్స్ మీద వేసే బీమ్‌కు, నేలకు మధ్య ఖాళీ ఉంచితే నేల ఉబ్బినా బీమ్‌ను తాకదు. రేగడిలో కట్టే గది ఎంత చిన్నదైనా పునాది వరకు ఇంజినీరుకు అప్పగించడం మంచిది, గోడలు మీరే కట్టుకోవచ్చు.

మొదటి వరసను మాలు లేకుండా బీమ్ మీద పేర్చి చూడండి. ఎక్కడ ముక్క పడుతుందో, తలుపు ఎక్కడ కూర్చుంటుందో అప్పుడే తెలుస్తుంది. తర్వాత నాలుగు మూలలూ వాటర్ ట్యూబుతో (నీళ్ళు నింపిన సన్నటి గొట్టంతో) ఒకే మట్టానికి తెచ్చి మొదటి వరస వేయాలి. బీమ్‌లో ఎత్తుపల్లాలను ఈ వరస కింది మాలులోనే సరిచేయాలి, పైకి మోసుకుపోకూడదు. ముందు మూలలు మూడేసి వరసలు లేపి, వాటి మధ్య నూలు కట్టి మిగతావి నింపుకుంటూ రండి. వెడల్పు 6 అంగుళాలే కనుక మూలలో పై బ్లాకు జాయింటు సగానికి కాక ఆరంగుళాల దగ్గర పడుతుంది. అది తప్పేమీ కాదు. పై జాయింటుకు, కింది జాయింటుకు మధ్య నాలుగంగుళాలకు తగ్గకుండా చూసుకుంటే చాలు.

నిలువు జాయింట్ల దగ్గర కొత్తవాళ్ళు ఎక్కువగా తప్పుతారు. బ్లాకు పెట్టాక పైనుంచి తాపీతో మాలు కుక్కితే లోపల గుల్లగానే ఉంటుంది. బ్లాకును నిలబెట్టి దాని కొసకు మాలు పట్టించి, ఆ తర్వాత పక్క బ్లాకుకు ఆనించి నొక్కాలి. బిగిసిన బ్లాకు వంకరగా ఉందని తర్వాత సుత్తితో జరిపితే అక్కడ పట్టు పోయినట్టే. దాన్ని తీసేసి, పాత మాలు గీకి, కొత్తది వేయాలి. రోజుకు అయిదు వరసలు దాటొద్దు. పచ్చి మాలు పై బరువుకు పిండుకుని గోడ నిటారుతనం తప్పుతుంది.

మాలు 1:6, అంటే ఒక పాలు సిమెంటుకు ఆరు పాళ్ళ ఇసుక. సిమెంటు ఎక్కువేస్తే గోడ గట్టిపడుతుందన్నది చాలామంది నమ్మకం, బ్లాకు పనిలో అది బెడిసికొడుతుంది. గోడ ఎంతో కొంత కుంచించుకోక తప్పదు. మాలు బ్లాకు కంటే మెత్తగా ఉంటే సన్నటి చీలిక జాయింటులో పడి, పూతతో పోతుంది. మాలు మరీ గట్టిదైతే బ్లాకే నడిమికి పగులుతుంది. 20 లీటర్ల పెయింటు బకెట్టుతో ఒకటికి ఆరు కొలుచుకోండి. తట్టల లెక్క మనిషిని బట్టి మారుతుంది. గోడలన్నింటికీ వృథాతో కలిపి మూడు బస్తాలు, 22 ఘనపుటడుగుల ఇసుక చాలు. మేలో అయితే గంటలో అయిపోయేంతే కలపండి. గట్టిపడిన మాలులో నీళ్ళు పోసి మళ్ళీ తిప్పితే అది మెత్తగా కనిపిస్తుందే తప్ప పట్టదు. కట్టిన గోడకు ఏడు రోజులు తడి ఉండాలి, కానీ పైపుతో వరద పారించకుండా గోనెపట్టాలు వేలాడదీసి వాటిని తడపాలి.

వర్క్‌షాపులో కిటికీ కింద బల్ల వస్తుంది కనుక అయిదో వరస దాటాక కిటికీ మొదలుపెట్టండి. అక్కడికి 1.05 మీటర్లు, బల్ల హాయిగా దాని కింద పడుతుంది. పగుళ్ళు ముందుగా కిటికీ అడుగు మూలల్లోనే పుడతాయి. వాటి కింది జాయింటులో రెండు 6 మి.మీ. చువ్వలు అటూ ఇటూ రెండేసి అడుగులు దాటేలా పరిస్తే ఆ బెడద చాలావరకు తగ్గుతుంది. పది వరసలకు ఎత్తు 2.1 మీటర్లు, అంటే ఏడడుగులకు అంగుళంపావు పైచిలుకు తక్కువ. తలుపు ఫ్రేమును ఏడడుగులని చెప్పి చేయిస్తే లింటెల్ (తలుపు, కిటికీల పైన వేసే కాంక్రీటు దూలం) దగ్గర ఇరుక్కుంటుంది. గచ్చు మందం కూడా చూసుకుని కొలత ఇవ్వండి.

ఆ పై లింటెల్ బెల్టు నాలుగు గోడల మీదా తెగకుండా తిరగాలి. 6×6 అంగుళాలు, కింద రెండు 10 మి.మీ., పైన రెండు 8 మి.మీ. చువ్వలు. దీని అసలు విలువ కప్పు దగ్గర తెలుస్తుంది. రేకుల కప్పు కూలుతుందని అందరికీ భయం, నిజానికి అది ఎగిరిపోతుంది. గాలి లెక్కల ప్రమాణం ఐఎస్ 875 హైదరాబాదుకు సెకనుకు 44 మీటర్లు, విశాఖపట్నానికి 50 మీటర్ల వేగం తీసుకోమంటుంది. 50 మీటర్ల గాలి ఒత్తిడి చదరపు మీటరుకు సుమారు 150 కిలోలు. చూరుతో కలిపి 13 చదరపు మీటర్లుండే ఈ కప్పును పైకి లాగే బలం దాదాపు రెండు టన్నులు. రేకులు, వాటిని మోసే ఇనుప పైపులు అన్నీ కలిపినా బరువు రెండు వందల కిలోలకు మించదు. పై వరసలో నాలుగు బోల్టులు పాతితే గాలి ఆ వరసతో సహా ఊడబెరుకుతుంది. కనుక ప్రతి పైపు కొస కిందా 12 మి.మీ. చువ్వను లింటెల్ బెల్టులో వంచి పాతి, గోడలోంచి పైకి తెచ్చి, అక్కడ కాంక్రీటు దిమ్మెలో బిగించి, పైపును దానికి కట్టేయాలి. పైపులు 3×1½ అంగుళాలవి, మూడడుగుల ఎడంలో. కోస్తా జిల్లాల్లో మధ్యలో ఒక దూలం అదనంగా వేయండి, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖలో చేసిన పని మరిచిపోయేది కాదు. వాలు పదడుగులకు కనీసం అడుగుండాలి, అంతకు తగ్గితే రేకుల అతుకుల్లోంచి నీళ్ళు వెనక్కి ఎక్కుతాయి.

గచ్చుకు మొరం ఆరంగుళాల పొరలుగా పోసి, తడిపి, దిమ్మిస కొట్టి, నల్ల పాలిథిన్ పరిచి, 1:2:4 కాంక్రీటు 4 అంగుళాలు. ఆరు బస్తాలు, 15 ఘనపుటడుగుల ఇసుక, 30 కంకర. కరెంటు పైపుల కోసం ఆరంగుళాల గోడలో అడ్డంగా జాడీ (గాడి) కొట్టకండి, పైపులు బయటే బిగించండి. మిషన్ల లైనుకు వేరే ఎంసీబీ (లోడు మించితే కరెంటు ఆపే స్విచ్), 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపే స్విచ్), మంచి ఎర్తింగు తప్పనిసరి, ఇది మాత్రం లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ పని.

ప్లాస్టరింగుకు తొందరపడొద్దు. మూడు నాలుగు వారాలు గోడను ఆరనిస్తే పడాల్సిన చీలికలు పడిపోతాయి. బ్లాకు, కాంక్రీటు కలిసేచోట చికెన్ మెష్ (సన్నటి ఇనుప తీగల వల) కొట్టి అప్పుడు పూయండి.

చివరగా యార్డుల వాళ్ళకొక మనవి. ప్రతి గుట్ట మీదా బ్లాకు పోసిన తేదీ సుద్దముక్కతో రాసిపెట్టండి. అడిగితే గానీ చెప్పని ఆ తేదీ కొనేవాడి కంటికి కనబడితే పచ్చి బ్లాకు లారీ ఎక్కదు.

ఇట్లు,
ఒక సివిల్ ఇంజినీరు, ఒక తాపీ మేస్త్రీ
హనుమకొండ