నలభై బార్‌ల నృత్యానికి ముప్పై రెండు బార్‌ల సంగీతం: మీ స్కాట్లండ్ ఆడియో పాఠాలపై ఫిర్యాదు

అబర్డీన్, స్కాట్లండ్
డిసెంబరు 8

వినియోగదారుల సేవా విభాగం మేనేజరు గారికి,

విషయం: జానపద నృత్యాల ఆడియో పాఠాలు, స్కాట్లండ్ భాగంలో తప్పులు, సవరణ, డబ్బు వాపసు కోరుతూ.

అయ్యా / అమ్మా,

నమస్కారం. హైదరాబాద్‌లోని మీ సంస్థ తెలుగు వ్యాఖ్యానంతో అమ్ముతున్న జానపద నృత్యాల ఆడియో పాఠాల్లో స్కాట్లండ్ భాగాన్ని ఇక్కడి ఎనిమిది తెలుగు కుటుంబాల వాళ్ళం సెప్టెంబరులో కొన్నాం. రసీదులు ఈ లేఖతో జతచేశాను. నవంబరు 30న స్కాట్లండ్ జాతీయ దినమైన సెయింట్ ఆండ్రూస్ డే. ఆ సాయంత్రం మా వీధి హాల్లో, ఇరుగుపొరుగు వాళ్ళ ముందు మా పిల్లలు 16 మంది, జంటలు కలిసి ఆడే స్కాటిష్ కంట్రీ డాన్సులు ఆడాలన్నది మా కోరిక. ఇంట్లో తెలుగు, బయట ఇంగ్లిషుగా పెరుగుతున్న పిల్లలు పుట్టిన ఊరి నృత్యాన్ని అమ్మానాన్నల భాషలో నేర్చుకుంటారని ఎంతో సంతోషపడ్డాం. ఇలాంటి పాఠాలు తెలుగులో మరొకరు చేసినట్టు నేను చూడలేదు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు అసలు తప్పు చెబుతాను. మీ జాబితాలో మూడోది మారీస్ వెడ్డింగ్. జేమ్స్ కాష్ కూర్చిన ఈ రీల్ (వేగంగా ఆడే నృత్యం) స్కాట్లండ్‌లో పెళ్ళిళ్ళ నుంచి క్లబ్బుల దాకా అందరూ ఆడేదే. ఒక్కో విడతకు 40 బార్‌లు, మొత్తం 8 విడతలు. మీ వివరణలోనూ "40 బార్‌లు, 8 సార్లు" అనే ఉంది. కానీ మీరిచ్చిన సంగీతంలో విడతకు ఉన్నవి 32 బార్‌లే. బార్ అంటే మన తాళంలో ఆవృతం లాంటిది. 320 ఉండాల్సిన చోట 256 పెట్టి అమ్మారు.

ఎనిమిది బార్‌లు తగ్గితే ఏమవుతుందో మీ రికార్డింగు వాళ్ళకు తెలిసినట్టు లేదు. ఈ నృత్యంలో మొదటి 8 బార్‌లలో ముందు జంట కుడిచేతులు పట్టి తిరిగి, ఒక స్థానం కిందికి దిగి, ఎడమచేతులతో తిరుగుతుంది. తర్వాత 16 బార్‌లు ఆ జంట నాలుగు మూలల్లో ఉన్న వాళ్ళతో ఏటవాలుగా అల్లుకుంటూ పోతుంది. తర్వాతి 8 బార్‌లు ముగ్గురేసి అల్లిక. చివరి 8 బార్‌లు మూడు జంటలు, అంటే ఆరుగురూ చేతులు కలిపి గుండ్రంగా వెళ్ళి, మళ్ళీ వెనక్కి రావడం. మీ సంగీతంలో ఆ చివరి వలయానికి చోటే లేదు. పిల్లలు వలయంలో ఉండగానే పాట మళ్ళీ మొదటికి వస్తుంది.

సాధనలో ఇది మాకు ఎందుకు తెలియలేదో కూడా చెప్పాలి. 32 అయినా 40 అయినా ఎనిమిదేసి బార్‌ల ముక్కలే. నేను "ఒకటి, రెండు..." అని ఎనిమిది వరకు లెక్క చెబుతుంటే అడుగులు తాళానికి సరిపోతూనే ఉన్నాయి. హాలు మాకు దొరికేది వారానికి ఒక గంట, కాబట్టి ఒక్కో నృత్యం రెండు విడతలకు మించి ఆడించలేకపోయాను. తొమ్మిదేళ్ళ అబ్బాయి ఒకడు రెండుసార్లు అన్నాడు, "పాట ముందే తిరిగొచ్చేస్తోంది ఆంటీ" అని. పాట సంగతి వదిలి అడుగు మీద ధ్యాస పెట్టమన్నాను. వాడి చెవి సరైనదే. మీ వివరణలో 40 అని ఉంది కదా అని నేను నమ్మాను, వాణ్ణి నమ్మలేదు. తప్పు తమదే అనుకుని ఆ పిల్లలు మూడు వారాలు ఒకరినొకరు తప్పుపట్టుకున్నారు. నన్ను అన్నిటికంటే బాధపెట్టింది ఇదే.

ఇక ఆ సాయంత్రం. ఒక సెట్‌లో నాలుగు జంటలు, ఒక్కో జంటకు రెండు విడతలు. ఏడు, ఎనిమిది విడతలు నాలుగో జంటవి. 256ని 40తో లెక్కవేస్తే ఆరు విడతలు పూర్తయి, ఏడో విడతలో 16 బార్‌ల దగ్గర సంగీతం ఆగిపోతుంది. సరిగ్గా అక్కడే ఆగింది. తమ వంతు కోసం ఆరు విడతలు ఎదురుచూసిన రెండు జంటల పిల్లలు (మావి రెండు సెట్లు) మూలల మధ్య సగం అల్లికలో నిలబడిపోయారు. ఒక పాప వాళ్ళ అమ్మమ్మ మనవరాలి నాట్యం చూడాలని విజయవాడ నుంచి వచ్చి ఉంది. పాప ఏడ్చేసింది.

మా వీధిలో ఉండే స్కాటిష్ పెద్దావిడ, చిన్నప్పటి నుంచి ఈ నృత్యాలు ఆడిన మనిషి, లేచి వచ్చి పిల్లలతో ఒక్కటే చెప్పింది: "మీరు తప్పు చేయలేదు, పాటే పొట్టిది." ఆవిడ కూర్చున్న చోటే వేళ్ళ మీద బార్‌లు లెక్కపెట్టిందట. తన ఫోన్‌లో ఉన్న 40 బార్‌ల రికార్డింగు పెట్టి నాలుగో జంటల చేత మొదటి నుంచి ఆడించింది.

ఇది ఒక్కటే అయితే ఎక్కడో పొరపాటు జరిగిందనుకుని ఊరుకునేదాన్ని. రెండోది ఇంకా పెద్దది: స్ట్రాత్‌స్పే.

స్కాటిష్ కంట్రీ డాన్సుల్లో ముఖ్యమైన నడకలు మూడు. రీల్ మన తకధిమి, చతురశ్రంలో పరుగు. జిగ్ తకిట తకిట, తిశ్రం. హార్న్‌పైప్ అనే రకం వరుసలకు కూడా రీల్ అడుగులే వేస్తారు. రీల్, జిగ్ నడకలు రెండూ ఇంగ్లండ్‌లో ఉన్నాయి, ఐర్లండ్‌లో ఉన్నాయి. స్ట్రాత్‌స్పే మాత్రం స్కాట్లండ్ సొంతం. స్పే నది లోయ పేరే దానికి వచ్చింది. అదీ చతురశ్రమే, కానీ నెమ్మది, ఠీవి. దాని ప్రాణం స్వరాల పొడుగు పొట్టిలో ఉంది. మన ఛందస్సులో చెప్పాలంటే "రామ" అన్నప్పుడు ముందు గురువు, తర్వాత లఘువు. "రమా" అంటే ముందు లఘువు, తర్వాత గురువు. స్ట్రాత్‌స్పేలో ఈ రెండూ కలిసి నడుస్తాయి, పొట్టి ఇంకా పొట్టిగా, పొడుగు ఇంకా పొడుగుగా. ఆ "రమా" విరుపునే ఇక్కడ స్కాచ్ స్నాప్ అంటారు. ఆ విరుపు లేకపోతే స్ట్రాత్‌స్పే లేదు. అడుగు వేసి, రెండో కాలు దగ్గరకు చేర్చి, మళ్ళీ అడుగు వేసి, వెనక కాలిని మెల్లగా ముందుకు తీసుకురావడం ఆ వరుస ఇచ్చే తీరిక వల్లే కుదురుతుంది.

మీరిచ్చిన మోనీమస్క్ అనే స్ట్రాత్‌స్పే చూడండి. మోనీమస్క్ మా అబర్డీన్‌షైర్‌లోని ఊరు. ఆ వరుస 18వ శతాబ్దంలో డేనియల్ డౌ అక్కడి సర్ ఆర్కిబాల్డ్ గ్రాంట్ పేర కట్టింది. 32 బార్‌లు 8 విడతలు, అంటే 256 బార్‌ల స్ట్రాత్‌స్పేకు ఎనిమిది నిమిషాలు దాటాలి. అదే 256 బార్‌లు రీల్ అయితే నాలుగున్నర నిమిషాల్లో అయిపోతాయి. మీ మోనీమస్క్ అయిదు నిమిషాలు కూడా లేదు. స్వరాలన్నీ సమానంగా, విరుపు లేకుండా వాయించారు. అది రీల్. పేరు మాత్రం స్ట్రాత్‌స్పే. మీ జాబితాలోని మిగతా రెండు స్ట్రాత్‌స్పేలూ అంతే.

దీని గురించి నవంబరులోనే మీ సహాయ కేంద్రానికి రాశాను. "ప్లేయర్‌లో స్పీడు తగ్గించుకోండి, ఉత్పత్తిలో సాంకేతిక లోపం లేదు" అని జవాబిచ్చి ఫిర్యాదు మూసేశారు. వేగం తగ్గిస్తే నెమ్మదైన రీల్ వస్తుంది, స్ట్రాత్‌స్పే రాదు. "రామ రామ" అని ఎంత సాగదీసినా "రమా" అవుతుందా? నా ఫిర్యాదు చదివిన వాళ్ళు ఆ ట్రాక్‌ను ఒక్కసారి విని ఉంటే ఆ జవాబు ఇచ్చేవారు కాదు.

ఈ సంగీతం వెనక ఎవరున్నారో మీ వ్యాఖ్యానంలో ఒక్క పేరూ లేదు. డన్‌కెల్డ్ దగ్గర ఇన్వర్‌లో బతికిన నీల్ గౌ (1727–1807) ఫిడేలు లేకుండా స్కాటిష్ నృత్య సంగీతం గురించి ఎలా చెబుతారు? గోర్డన్ డ్యూకు కొలువులో పనిచేస్తూ స్ట్రాత్‌స్పేలు కట్టిన విలియం మార్షల్‌ను తన కాలపు మొదటి స్ట్రాత్‌స్పే స్వరకర్త అని స్కాట్లండ్ కవి రాబర్ట్ బర్న్స్ మెచ్చుకున్నాడు. స్ట్రాత్‌స్పే రాజు అని జనం పిలిచిన జేమ్స్ స్కాట్ స్కిన్నర్ (1843–1927) ఇక్కడికి పద్దెనిమిది మైళ్ళ దూరంలోని బాంకరీలో పుట్టాడు, మా ఊరి శ్మశానంలోనే సమాధి ఉంది. ఆయన డాన్సు మాస్టరు కూడా, కాబట్టి ఏ స్వరానికి ఏ కాలు లేస్తుందో తెలిసి వరుసలు కట్టిన మనిషి. ఇరవయ్యో శతాబ్దంలో అకార్డియన్‌తో ఊరూరా హాళ్ళను ఆడించిన జిమ్మీ షాండ్ (1908–2000) పేరు ఇక్కడ ఏ ముసలాయనను అడిగినా చెబుతాడు. వీళ్ళ చోట మీరు పెట్టింది ప్రతి ట్రాక్ కిందా ఒకే బ్యాగ్‌పైప్ మోత, అదీ కీబోర్డు మీద చేసింది. బ్యాగ్‌పైపులకు కూడా కంట్రీ డాన్సులు ఆడతారు, కాదనను. కానీ ఈ నృత్యాలకు మామూలుగా వినిపించేది ఫిడేలు, అకార్డియన్, పియానో, డ్రమ్ములు. మీ ముఖచిత్రంలో కత్తుల మీద ఒంటరిగా ఆడుతున్న పిల్ల కూడా పోటీలకు ఆడే హైలాండ్ డాన్సుది. కంట్రీ డాన్స్ జంటలు కలిసి ఆడేది, ఎవరూ గెలవనిది.

ఒక విషయం చిన్నదిగా కనిపించవచ్చు. ప్రతి నృత్యానికి ముందు వాద్యబృందం ఒక్క స్వరసమూహం మోగిస్తుంది. అది వినగానే జంటలు ఒకరికొకరు వంగి నమస్కరిస్తారు. చివర మరొకటి మోగుతుంది, మళ్ళీ నమస్కారం. మీరు రెండూ కత్తిరించారు. మా కోలాటం గురువు గారు చిడతలు ఒకసారి మోగించి ఆగేవారు, మేం ఆ దెబ్బకు నేల తాకి కళ్ళకు అద్దుకునేవాళ్ళం. అది తీసేస్తే ఆట ఎక్కడ మొదలైనట్టు? పైగా ఎనిమిది విడతలకూ ఒకే వరుస పెట్టారు. ఇక్కడ బృందాలు ఆ నృత్యానికి సొంతమైన వరుసతో మొదలుపెట్టి, మధ్యలో వేరే వరుసలు మార్చి, ఆఖరి విడతకు మళ్ళీ మొదటి వరుసకు వస్తాయి. అది వినగానే ఇదే చివరిది అని కాళ్ళకు తెలుస్తుంది. మీ రికార్డింగులో అలా తెలిసే దారే లేదు. ఉండి ఉంటే మారీస్ వెడ్డింగ్ తప్పు మొదటి సాధనలోనే బయటపడేది.

ఇప్పుడు 51వ డివిజన్ రీల్ సంగతి. ఇది రాయడం కష్టంగా ఉంది.

మీ వ్యాఖ్యానం ఇది "రెండో ప్రపంచ యుద్ధంలో గెలిచిన స్కాటిష్ సైనికులు విజయోత్సవంలో కట్టుకున్న నృత్యం" అంటుంది. మా పదకొండేళ్ళ పాప ఆ మాటలను ఇంగ్లిషులోకి మార్చుకుని హాల్లో చదివింది. నిజం దానికి పూర్తిగా వ్యతిరేకం. 1940 జూన్‌లో ఫ్రాన్స్ తీరంలోని సెయింట్ వాలరీలో 51వ హైలాండ్ డివిజన్ సైన్యం జర్మన్లకు లొంగిపోవాల్సి వచ్చింది. వేలమంది బందీలయ్యారు. బవేరియాలోని లౌఫెన్ శిబిరంలో బందీగా ఉన్న లెఫ్టినెంట్ జిమ్మీ అట్కిన్సన్ ఈ నృత్యానికి రూపం ఇచ్చాడు. ఆడవాళ్ళు లేని చోట మగవాళ్ళే జంటలు కట్టి ఆడారు. నృత్యం మధ్యలో నర్తకులు ఏటవాలుగా వరుసకట్టి చేతులు పట్టుకుంటే స్కాట్లండ్ జెండా మీది సెయింట్ ఆండ్రూ శిలువ ఏర్పడుతుంది. ముళ్ళకంచె వెనక వాళ్ళు తమ దేశాన్ని నేల మీద గీసుకున్నారు.

అబర్డీన్ చుట్టుపక్కల ఊళ్ళ నుంచి మనుషులను తీసుకున్న గోర్డన్ హైలాండర్స్ బెటాలియన్లు ఆ డివిజన్‌లో ఉన్నాయి. వాళ్ళ మ్యూజియం ఈ ఊళ్ళోనే ఉంది. అలాంటి ఊరి హాల్లో, ఆ మాటలు విన్నవాళ్ళలో వాళ్ళ వారసులు ఉండకుండా ఎలా ఉంటారు? కార్యక్రమం అయ్యాక ఒక పెద్దాయన నా దగ్గరకు వచ్చి, వాళ్ళ నాన్న అయిదేళ్ళు బందీగా ఉన్నాడని నెమ్మదిగా చెప్పారు. పాపను ఏమీ అనలేదు, బాగా చదివిందన్నారు. నేను క్షమాపణ అడిగాను. మీ తరఫున అడగాల్సి వచ్చింది.

మంచిని కూడా చెప్పాలి. మీ డ్యూక్ ఆఫ్ పెర్త్ ట్రాక్‌లో బార్‌ల లెక్క సరిగ్గా ఉంది, వేగం కుదిరింది. పిల్లలు దాన్ని హాయిగా ఆడారు. అడుగులు వివరించే గొంతు స్పష్టంగా ఉంది. చేయగలిగిన వాళ్ళే మీరు. సరిచూసుకోవడం కూడా కష్టం కాదు. 1923లో గ్లాస్గోలో జీన్ మిల్లిగన్, ఇసొబెల్ స్టూవర్ట్ మొదలుపెట్టిన సంఘం, ఇవాళ్టి రాయల్ స్కాటిష్ కంట్రీ డాన్స్ సొసైటీ, ఒక్కో నృత్యానికి బార్‌లు ఎన్నో, నడక ఏదో పుస్తకాల్లో అచ్చువేసి పెట్టింది. 51వ డివిజన్ రీల్ కూడా 1945 నాటి వాళ్ళ 13వ పుస్తకంలో ఉంది.

నేను కోరుతున్నవి ఇవి. మారీస్ వెడ్డింగ్, మూడు స్ట్రాత్‌స్పేల ట్రాక్‌లను వెంటనే అమ్మకం నుంచి తీసేసి, ఈ సంగీతం తెలిసిన బృందంతో మళ్ళీ రికార్డు చేయించండి. 51వ డివిజన్ రీల్ వ్యాఖ్యానాన్ని ఈ వారంలోనే మార్చండి. దానికి స్టూడియో కూడా అక్కర్లేదు. ఈ పాఠాలు కొన్న ప్రతి ఒక్కరికీ తప్పు ఎక్కడుందో చెబుతూ సందేశం పంపండి, మరో ఊళ్ళో మరో నాలుగో జంట ఇలా నిలబడిపోకూడదు. మా ఎనిమిది కుటుంబాల డబ్బు వాపసు ఇవ్వండి. ఈ లేఖ అందిన 30 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు కావాలి. రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు, ఆపైన 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద కమిషన్‌కు వెళ్తాం. వివరణలో 40 అని రాసి 32 ఇవ్వడం లోపం అవునో కాదో వాళ్ళే చెబుతారు.

తెలుగు వ్యాఖ్యానం సరిచూడడానికి మనిషి కావాలంటే నేను డబ్బు తీసుకోకుండా చేస్తాను. పెద్దావిడ కూడా బార్‌లు లెక్కపెట్టి పెడతానన్నారు.

జనవరి 25న బర్న్స్ నైట్‌కు పిల్లలు అదే హాల్లో మళ్ళీ ఆడుతున్నారు. సాధన మొదలైంది. ఈసారి మారీస్ వెడ్డింగ్‌కు పాత నాలుగో జంటలే మొదటి జంటలు. సంగీతం పెద్దావిడ ఇస్తున్నారు.

ఇట్లు,
ఎనిమిది కుటుంబాల తరఫున,
మీ పాఠాలు కొన్న ఒక తల్లి

జతపరిచినవి: ఎనిమిది రసీదులు; నవంబరులో మీరిచ్చిన జవాబు; మారీస్ వెడ్డింగ్, మోనీమస్క్ ట్రాక్‌లలో ఏ నిమిషానికి ఎన్నో బార్ నడుస్తోందో రాసిన పట్టిక.