బాంబులు పడిన రోజు మన పిల్లలకు తెలుసా?

విశాఖపట్నం జిల్లా కలెక్టర్ గారికి,

నమస్కారం. మొన్న ఆదివారం మనవణ్ణి బీచ్ రోడ్డుకి తీసుకెళ్లాను. విక్టరీ ఎట్ సీ స్తూపం దగ్గర ఓ కుర్రాడు తడి చొక్కా ఆరేసుకుంటున్నాడు. ఇదెందుకు కట్టారో తెలుసా బాబూ అంటే, "ఫొటోలకి బాగుంటుందండీ" అన్నాడు. వాడి తప్పేం ఉంది లెండి, ఎవరైనా చెబితే కదా!

ఆ స్తూపం 1971లో పాకిస్తాన్‌తో జరిగిన యుద్ధంలో మన నేవీ గెలుపుకి గుర్తు. ఆ ఏడాది డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మన తీరానికి దగ్గర్లోనే మునిగింది. నేవీ విన్యాసాలంటే ఇసకేస్తే రాలనంత జనం వస్తారు కాబట్టి, ఆ కథ కొంతైనా బతికుంది. 1942 ఏప్రిల్ 6 మాత్రం పూర్తిగా మరుగున పడింది. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న ఆ రోజు జపాన్ విమానాలు మన రేవు మీద బాంబులు వేశాయి. మా నాయనమ్మ ఉడుకుతున్న అన్నం పొయ్యి మీదే వదిలేసి, చంకలో మా నాన్నతో విజయనగరం దారి పట్టిందట. వారం తర్వాత తిరిగొస్తే గిన్నె నిండా బూజు. తను పోయేదాకా ఆ గిన్నె పారేయనివ్వలేదు.

అప్పుడు పదేళ్లున్నవాళ్లకి ఇప్పుడు తొంభై దాటాయి. వచ్చే ఏప్రిల్ 6లోగా హైస్కూలు పిల్లల్ని అలాంటి పెద్దల ఇళ్లకు పంపి, వాళ్ల మాటలు ఫోన్లలో రికార్డు చేయించండి. ఖర్చు పెద్దగా ఉండదు. వన్‌టౌన్‌లో ఇద్దరు నాకు తెలుసు, పిల్లల్ని నేనే వెంటబెట్టుకెళ్తాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ పోర్టు ఉద్యోగి