సంతకం పెట్టాం సరే, చట్టం ఎప్పుడు?

గౌరవనీయులైన కేంద్ర న్యాయశాఖ మంత్రి గారికి,

నమస్కారం. చిత్రహింసలకు వ్యతిరేకంగా ఐక్యరాజ్యసమితి తెచ్చిన ఒప్పందం మీద మన దేశం 1997 అక్టోబర్ 14న సంతకం పెట్టింది. ఆ తర్వాత దాన్ని ధ్రువీకరించాల్సి ఉండగా, అంటే దానికి కట్టుబడతామని అధికారికంగా ఒప్పుకోవాల్సి ఉండగా, ఆ పని మాత్రం ఇప్పటికీ జరగలేదు. దీనివల్ల ఏం పోతోందో చెప్పడానికి ఆఫ్రికాలోని చాద్ దేశపు లాయరు జాక్లిన్ ముదైనా సంగతి మీ ముందు పెడుతున్నాను.

1982 నుంచి 1990 దాకా చాద్‌ను ఏలిన హిస్సేన్ హబ్రే హయాంలో దాదాపు 40 వేల మంది చనిపోయి ఉంటారని ఆ దేశ విచారణ కమిషనే అంచనా వేసింది. పదవి పోయాక అతను సెనెగల్ పారిపోయి దాని రాజధాని డాకర్‌లో దర్జాగా బతికాడు. 2000లో బాధితులు అక్కడి కోర్టుకెళ్లారు. వాళ్ల తరఫు లాయరు ముదైనా. మరుసటి ఏడాది చాద్ రాజధానిలో మహిళల నిరసన మీద పోలీసులు గ్రెనేడ్ విసిరితే ఆమె కాలికి తీవ్ర గాయాలయ్యాయి. ఆ రోజు పోలీసులను నడిపించినవాడు హబ్రే కాలం నాటి అధికారే. అయినా ఆమె కేసు వదల్లేదు.

మంత్రిగారూ, మీరు గమనించాల్సింది ఇక్కడే. సెనెగల్ ఆ ఒప్పందాన్ని అప్పటికే ధ్రువీకరించింది. కానీ అందుకు తగ్గట్టు సొంత చట్టం మార్చుకోలేదు. విచారించే అధికారం మాకు లేదంటూ అక్కడి కోర్టు కేసు కొట్టేసింది. బాధితులు బెల్జియం వెళ్లారు. మేం విచారిస్తాం, హబ్రేను అప్పగించండి అని బెల్జియం అడిగినా సెనెగల్ అప్పగించకపోవడంతో అది అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్లింది. హబ్రేను విచారించండి, లేదంటే అప్పగించండి అని 2012 జులై 20న ఆ న్యాయస్థానం సెనెగల్‌కు తేల్చి చెప్పింది. ఆ మాట అనగలిగింది ఒప్పందం ఉంది కాబట్టే. 2016 మే 30న డాకర్‌లోని ప్రత్యేక కోర్టు అతనికి యావజ్జీవం వేసింది. పరిహారం కోసం మాత్రం బాధితులు ఆ తర్వాతా ఏళ్ల తరబడి ఎదురుచూశారు. అది వేరే కథ.

మన దగ్గర ఆ ధ్రువీకరణా లేదు, ఆ చట్టమూ లేదు.

ఉన్న చట్టాలు చాలవా అంటారేమో. 1978లో హైదరాబాద్ నల్లకుంట స్టేషన్ ఘటన మా ఊళ్లో పెద్దవాళ్లు ఇంకా మర్చిపోలేదు. ఒక మహిళపై అత్యాచారం జరిగింది, పోలీసుల దెబ్బలకు ఆమె భర్త చనిపోయాడు. తప్పు పోలీసులదేనని జస్టిస్ ముక్తదర్ కమిషన్ తేల్చింది. తీరా కేసు రాయచూర్ కోర్టుకు మారి నిందితులు నిర్దోషులుగా బయటికొచ్చారు. ఆ తర్వాత డి.కె. బసు కేసులో, అరెస్టు చేసేటప్పుడు పోలీసులు ఏం పాటించాలో చెప్పే సుప్రీంకోర్టు మార్గదర్శకాలొచ్చాయి. స్టేషన్లలో సీసీ కెమెరాలు పెట్టమని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. అవసరమైన రోజే ఆ కెమెరా ఎందుకు పనిచేయదో మీకు నేను చెప్పాలా?

పోనీ బాధితుల సంగతి పక్కన పెట్టి ప్రభుత్వ అవసరమే చూడండి. 1995లో పశ్చిమ బెంగాల్‌లోని పురూలియాలో విమానం నుంచి ఆయుధాలు జారవిడిచిన కేసు నిందితుణ్ణి అప్పగించమంటే డెన్మార్క్ కోర్టు 2011లో కుదరదంది. ఇక్కడ అతన్ని హింసించే ప్రమాదం ఉందని కారణం చెప్పింది. చిత్రహింసలను నేరంగా నిర్వచించే చట్టం మన చేతిలో ఉంటే ఇలాంటి చోట మన వాదనకు కొంతైనా బలం ఉండేది.

2010లో లోక్‌సభ చిత్రహింసల నిరోధక బిల్లు ఒకటి పాస్ చేసింది. ఆరు నెలల్లోపే ఫిర్యాదు చేయాలి, కేసు నడవాలంటే ముందుగా ప్రభుత్వ అనుమతి కావాలి అన్నారు అందులో. లాకప్ నుంచి బయటపడ్డ కూలీ, దెబ్బలు మానకముందే ఏ ధైర్యంతో అదే స్టేషన్ మీద ఫిర్యాదు చేస్తాడు? రాజ్యసభకు వెళ్లిన ఆ బిల్లు చివరికి మురిగిపోయింది. 2017లో లా కమిషన్ 273వ నివేదికతో పాటు కొత్త ముసాయిదా ఇచ్చింది. చట్టం చేయమని పార్లమెంటును ఆదేశించలేమని 2019లో సుప్రీంకోర్టు అంది. అంటే బంతి మీ దగ్గరే ఉంది.

ఆ ముసాయిదా మీద రాష్ట్రాల అభిప్రాయాలు ఏమొచ్చాయో బయటపెట్టండి. వచ్చే సమావేశాల్లో బిల్లు తెండి, ముందస్తు అనుమతి షరతు లేకుండా. తెచ్చే ఉద్దేశం లేకపోతే ఆ మాటే పార్లమెంటులో చెప్పండి, కారణంతో సహా.

ఇట్లు,
హైదరాబాద్ నుంచి ఒక ఓటరు