సైకిల్ కొన్న అమ్మడికి

అమ్మడూ,

సైకిల్ కొన్నావని, ఆఫీసుకు రోజూ దాని మీదే వెళ్తున్నావని మీ అమ్మ చెప్పింది. సంతోషం. జాగ్రత్తలు చెప్పి పిల్లని విసిగించొద్దని కూడా చెప్పింది కానీ, ఉద్యోగమంతా బీమా కంపెనీలో యాక్సిడెంట్ ఫైళ్లు చదువుతూ గడిపినవాణ్ణి, ఊరుకోలేను. అందులోనూ నేను కూర్చున్నది బల్లకి అవతలి వైపు. పరిహారం అడిగేవాళ్ల పక్కన కాదు, ఎంత తగ్గించి ఇవ్వొచ్చా అని కాగితాలు తిరగేసేవాళ్ల పక్కన. ఆ తగ్గించడానికి సాకులు ఎక్కడ దొరుకుతాయో నాకు బాగా తెలుసు. అవి నీ దగ్గర దొరక్కూడదు.

ముందు దెబ్బ తగలకుండా చూసుకునే సంగతి. హెల్మెట్ గురించి చెప్పను, పెట్టుకుంటావు. వేగం గురించి చెబుతాను, అదీ నీ వేగం కాదు, ఎదుటివాడిది. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు పొడి రోడ్డు మీద, డ్రైవర్ తేరుకోవడానికి ఒక సెకను పట్టినా, దాదాపు 13 మీటర్లలో పూర్తిగా ఆగిపోతుంది. 50లో వచ్చే కారు ఆ 13 మీటర్లు దాటేసరికి డ్రైవర్ కాలు ఇంకా బ్రేకు మీద పడనే పడదు. అంటే అంత దూరంలో నువ్వు కనబడితే మొదటి కారు నీ ముందు ఆగుతుంది, రెండోది అదే 50లో వచ్చి తాకుతుంది. కాబట్టి దగ్గరి దారి కాదు, బళ్లు నెమ్మదిగా నడిచే దారి వెతుక్కో. కాస్త ఆలస్యమైతే అవనీ.

సిగ్నల్ దగ్గర లారీ, బస్సు పక్కన, అందులోనూ అవి తిరగబోయే వైపు నిలబడకు. ముందు చక్రం పోయిన దారిలో వెనక చక్రం పోదు, మలుపు లోపలికి కోసుకుంటూ వస్తుంది. అద్దంలో డ్రైవర్ మొహం నీకు కనబడకపోతే అతని లెక్కలో నువ్వు అక్కడ లేవు. ఆగి ఉన్న కార్ల వరస పక్కన పోయేటప్పుడు తలుపు తెరుచుకునేంత దూరం వదిలెయ్, వెనకవాడు హారన్ కొడితే కొట్టనీ. ఇంకొకటి. ఆ ఆకుపచ్చ ఫ్లోరోసెంట్ చొక్కా పగటి సరుకు. చీకట్లో పనిచేసేది లైటు పడగానే మెరిసే పట్టీ. దాన్ని చీలమండలకి కట్టుకో. పెడల్‌తో పాటు పైకీ కిందకీ కదిలే మెరుపు చూడగానే అక్కడున్నది మనిషని డ్రైవర్‌కి తెలిసిపోతుంది. నడిచి వెళ్లే రోజు కూడా తియ్యకు.

ఇక అసలు విషయం. ఎవరైనా నిన్ను గుద్దితే, ఆ మాట రాయడానికే చెయ్యి ఆడటం లేదు, మొదటి కొన్ని గంటల్లో నీ గురించి రాసే రెండు మూడు కాగితాలే తర్వాత ఏళ్ల తరబడి నీ తరఫున మాట్లాడతాయి. తమాషా ఏమిటంటే, అవి రాసేటప్పుడు నువ్వు సరిగ్గా మాట్లాడే స్థితిలో ఉండవు.

ఒక ఫైలు నాకిప్పటికీ గుర్తుంది. ఒకావిడ సైకిల్‌ని కారు పక్క నుంచి రాసుకుపోయింది. ఎమర్జెన్సీలో డ్యూటీ డాక్టర్ ఏమైందని అడిగితే "సైకిల్ మీంచి పడ్డాను" అంది. నొప్పితో ఉన్న మనిషి ఎవరైనా అంతే అంటారు. ఆయన కేసు షీటులో అదే రాశాడు, ఒకే ఒక్క లైను. మా లాయరు మిగతా పేజీలన్నీ పక్కన పెట్టి ఆ లైను కింద ఎర్ర పెన్నుతో రెండు గీతలు గీశాడు. పడ్డానని ఉంది, కారు తగిలిందని లేదు. తనంతట తనే పడిపోయి తర్వాత కారు కథ అల్లిందని వాదించారు. ఆ వాదన చివరికి నిలవలేదు. కానీ అది తేలేదాకా ఆవిడ భుజం ఆపరేషన్ డబ్బు ఆగిపోయింది.

అందుకే డాక్టర్ అడిగితే "కారు గుద్దింది, పడ్డాను" అనే చెప్పాలి. ఆ వరసలోనే. నొప్పి ఎక్కడెక్కడ ఉందో అంతా చెప్పు. కాలు విరిగిన బాధలో మెడ నొప్పి చెప్పడం మర్చిపోతారు. అది మూడు వారాల తర్వాత చెబితే, యాక్సిడెంట్‌కీ దానికీ సంబంధం ఏమిటని అడగడానికి అవతల మాలాంటివాళ్లు రెడీగా ఉంటారు. వచ్చేటప్పుడు రిపోర్టులన్నిటికీ కాపీలు తీసుకో.

రోడ్డు మీద అనకూడని మాటలు రెండున్నాయి. ఒకటి "నాకేం కాలేదు". దెబ్బ తగిలిన వేడిలో శరీరం నొప్పిని దాచేస్తుంది. తలలో రక్తస్రావమైనవాళ్లు కాసేపు మామూలుగా మాట్లాడి, కొన్ని గంటల తర్వాత కుప్పకూలడం వైద్యులకు తెలిసిన సంగతే. తలకి చిన్న దెబ్బ తగిలినా ఆ రోజే చూపించుకో, ఒంటరిగా పడుకోకు. తలనొప్పి పెరుగుతున్నా, పదే పదే వాంతులైనా, మత్తుగా ఉన్నా, ముక్కులోంచో చెవిలోంచో నీళ్లలా కారినా ఒక్క నిమిషం ఆగకు. రెండో మాట "సారీ". నువ్వు మర్యాదకి అంటావు, ఎదుటివాడు ఒప్పుకోలుగా రాయిస్తాడు. నీకు చిన్నప్పటి నుంచి ఆ అలవాటు ఎక్కువ, బల్ల తగిలినా బల్లకి సారీ చెప్పేదానివి.

కదలగలిగితే ముందు రోడ్డు పక్కకి జరుగు. తర్వాత ఫోటోలు: బండి నంబరు, బళ్లు ఆగిన చోటు, టైరు గుర్తులు, సిగ్నల్, చుట్టూ ఉన్న షాపుల కెమెరాలు. నీకు చేతకాకపోతే పక్కవాళ్లనే అడుగు. చూసినవాళ్ల ఫోన్ నంబర్లు తీసుకోవడం ఫోటోల కంటే ముఖ్యమని నేనంటాను. ఎందుకంటే ఫోటో మాట మార్చదు గానీ, అంతకు ముందు క్షణంలో ఏం జరిగిందో అది చెప్పలేదు. కెమెరా రికార్డింగులు చాలా చోట్ల కొద్ది రోజుల్లో చెరిగిపోతాయి. ఉంచమని రాతపూర్వకంగా అడగాలి, అదీ వెంటనే. వంగిపోయిన సైకిల్‌ని బాగు చేయించకు, పగిలిన హెల్మెట్ పారెయ్యకు, రక్తం మరకల బట్టలు ఉతక్కు. ఐరోపా సమాఖ్యలో 2024 జులై నుంచి రిజిస్టరయ్యే కొత్త కార్లన్నిటిలో, గుద్దడానికి ముందు కొన్ని సెకన్లలో వేగమెంత, బ్రేకు వేశారా లేదా అన్నది నమోదు చేసే పరికరం తప్పనిసరి. నీ ఫోన్‌లో సైక్లింగ్ యాప్ కూడా సాక్షే. దాన్ని డిలీట్ చెయ్యకు.

పోలీసు రిపోర్టు లేకుండా వదలొద్దు. "చిన్నదే కదా, మనలో మనం చూసుకుందాం" అనే డ్రైవర్ మంచివాడే అయి ఉండొచ్చు, సాయంత్రం ఇంట్లో వాళ్లతో మాట్లాడాక అలాగే ఉంటాడన్న నమ్మకం లేదు. గుద్ది పారిపోతే రిపోర్టు ఇంకా అవసరం. బ్రిటన్‌లో అలాంటి కేసుల్లో మోటార్ ఇన్సూరర్స్ బ్యూరో పరిహారం ఇస్తుంది. మన దేశంలో 2022 నుంచి అమల్లో ఉన్న హిట్ అండ్ రన్ పథకం కింద తీవ్ర గాయానికి 50 వేలు, మరణానికి 2 లక్షలు. చాలీచాలని మొత్తమే అనుకో. అసలు అలాంటిది ఉందని తెలియక అడగనివాళ్లని చూశాను.

కొన్నాళ్లకి అవతలి బండి బీమా కంపెనీ నుంచి ఒక ఫోన్ వస్తుంది. గొంతు చాలా మృదువుగా ఉంటుంది. "ఎలా ఉన్నారండీ?" అంటారు. "బాగానే ఉన్నానండీ" అంటావు, అది రికార్డవుతుంది. అలా అడగడం మాకు ట్రైనింగులో నేర్పేవాళ్లు. పేరు, పాలసీ వివరాలు చెప్పి, మిగతాది రాతలో పంపుతానని పెట్టెయ్. వెంటనే చెక్కు ఇస్తామంటే మరీ జాగ్రత్త. ఫుల్ అండ్ ఫైనల్ అని సంతకం చేశాక, ఆరు నెలలకి మోకాలికి ఇంకో ఆపరేషన్ కావాలన్నా సాధారణంగా ఆ ఫైలు మళ్లీ తెరవరు. గాయం ఇక ఇంతకన్నా మారదని డాక్టర్ చెప్పేదాకా సెటిల్‌మెంట్ మాటెత్తకు. ఈలోగా ఆస్పత్రి బిల్లులే కాదు, పోయిన జీతం, టాక్సీ ఖర్చులు, నిన్ను చూసుకోవడానికి అమ్మ ఎన్ని రోజులు వచ్చి ఉందో కూడా రాసి పెట్టుకో. ఇంట్లోవాళ్లు ఉచితంగా చేసిన సేవకీ చాలా చోట్ల విలువ కడతారు.

నీ ఉద్యోగం నిన్ను దేశదేశాలు తిప్పుతోంది కాబట్టి ఇది కూడా. చట్టం అన్ని చోట్లా ఒకలా ఉండదు. నెదర్లాండ్స్‌లో మోటారు బండి సైకిల్‌నో, నడిచేవాళ్లనో గుద్దితే బాధ్యత బండిదే అన్న దగ్గర మొదలవుతుంది. పెద్దవాళ్ల తప్పు కొంత ఉన్నా మామూలుగా కనీసం సగం నష్టం వస్తుంది, 14 ఏళ్లలోపు పిల్లలకి దాదాపు ఎప్పుడూ మొత్తం వస్తుంది. ఫ్రాన్స్‌లో 1985 చట్టం కూడా అలాంటిదే. ఇంగ్లండ్‌లో డ్రైవర్ తప్పని నువ్వు రుజువు చెయ్యాలి, నీ తప్పెంతో అంత కోస్తారు. అమెరికాలో అలబామా, మేరీలాండ్, నార్త్ కరోలినా, వర్జీనియాలో ఇంకా పాత రూలే: నీ తప్పు ఒక్క శాతం తేలినా పైసా రాకపోవచ్చు. వాషింగ్టన్ డీసీ మాత్రం 2016లో నడిచేవాళ్లకీ సైకిలిస్టులకీ దాన్ని మార్చింది. ఆ పాత రూలే నాకు అన్యాయంగా తోస్తుంది. వెయ్యి కిలోల పైబడిన ఇనుము ఒక వైపు, ఒట్టి మనిషి ఒక వైపు ఉంటే, ఇద్దరి తప్పునీ ఒకే తక్కెడలో ఎలా తూస్తారు?

కేసు వేసే గడువులూ అంతే, చోటును బట్టి మారతాయి. ఇంగ్లండ్‌లో సాధారణంగా 3 ఏళ్లు, కాలిఫోర్నియాలో 2. కానీ అదే కాలిఫోర్నియాలో గుంతలో పడి ప్రభుత్వ సంస్థ మీద వెయ్యాలంటే 6 నెలల్లో క్లెయిము ఇవ్వాలి. అందుకే లాయరు దగ్గరికి బాగయ్యాక కాదు, మంచం మీద ఉండగానే ఎవరినైనా పంపాలి. ఆస్పత్రికి పిలవకుండా వచ్చి వకాలత్ కాగితం చాచేవాణ్ణి నమ్మకు. ఫీజు గెలిస్తేనా, శాతమా, ఓడితే అవతలివాళ్ల ఖర్చు ఎవరు కట్టాలి, నీ ఫైలు నిజంగా చూసేది ఆయనా, జూనియరా? ఇవన్నీ మొహమాటపడకుండా అడుగు. అమెరికాలో గెలిచిన డబ్బులో శాతం తీసుకోవడం మామూలు, మన దేశంలో లాయర్లకి అలా తీసుకునే వీల్లేదు. ఇక్కడ 1987 చట్టం కింద ఆడవాళ్లకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయసహాయం అడిగే హక్కుంది. నీ స్నేహితురాళ్లకి చెప్పు, చాలామందికి తెలీదు. డ్రైవర్ మీద పోలీసు కేసు కొట్టేసినా పరిహారం కేసు పోయినట్టు కాదు. రెండూ వేరు, రుజువు కావలసిన స్థాయి కూడా వేరు.

నువ్వున్న చోట ఇంటి బీమాలో లాయరు ఖర్చులు కలిసి ఉండే అవకాశం ఉంది. మీ ఇంటి పాలసీ, ఆఫీసు వాళ్లు ఇచ్చిన పాలసీ రెండూ ఫోటో తీసి పంపు. చిన్న అక్షరాలు నేను చదువుతాను, కళ్లద్దాలు మార్చుకున్నాను లే. సైకిల్ ఫ్రేము అడుగున ఉన్న సీరియల్ నంబరు కూడా పంపు.

నాన్న